బాయిలర్ లైను ఖాళీ లేదు

పేర్లు రాయనని ముందే మాటిస్తున్న. ఇందులో ఉన్న పెద్దమనుషులు ఇద్దరూ ఇంకా గట్టిగనే ఉన్నరు, ఇద్దరికీ మా ఇల్లు తెలుసు, ఇద్దరికీ మాట్లాడే ఓపిక ఇప్పటికీ తగ్గలేదు.

నేను టెలిఫోన్ ఆపరేటర్‌గా చేసి రిటైరైన. మీరంతా ఫొటో మీద వేలు పెడితే అవతల మనిషి పలికే కాలపు పిల్లలు గనుక కొంచెం చెప్పాలె. పాల్వంచ దాటి భద్రాచలం దిక్కు పోతుంటే అడవి మొదలయ్యే కాడ మా ఫ్యాక్టరీ ఉండేది. ఇప్పుడు లేదు, ఎప్పుడో మూతబడ్డది, యంత్రాలన్నీ పాత ఇనుముకు పోయినయ్. అందులో ఎవరు ఎవరికి ఫోన్ చెయ్యాలన్నా నా చెయ్యి పడాల్సిందే. ఒకరు రిసీవర్ ఎత్తితే నా బోర్డు మీద వాళ్ళ బల్బు వెలుగుతది. ఒక తీగ గుచ్చి ఎవరు కావాలని అడుగుత, రెండో తీగ అవతలోళ్ళ రంధ్రంల గుచ్చుత. అంతే నా విద్య. అందరి మాటలు వినేదానివా అంటరేమో. వినొద్దని రూలు ఉండె. ఆ రూలు రాసినోళ్ళు నా చెవులకు మాత్రం ఎన్నడూ చెప్పలేదు.

ముందు మీకు సైరన్ సంగతి తెల్వాలె. పొద్దున ఆరుకు, మధ్యాహ్నం రెండుకు, రాత్రి పదికి, షిఫ్టు మారేటప్పుడు మోగేది. ఆ మూడుసార్లు మోగితే కాలనీల ఎవరూ తలెత్తి చూడరు. ఇంక ఏ టైముల మోగినా దానికి ఒక్కటే అర్థం. లోపల ఎవరికో ఏదో అయింది. మా దిక్కు బొగ్గుబాయిల నుంచి వచ్చిన కుటుంబాలు మస్తుమంది, వాళ్ళకైతే అది పుట్టినప్పటి నుంచి తెలుసు. వేళగాని వేళ సైరన్ వినబడితే పొయ్యి మీది గిన్నె కూడా దించకుండ గేటుకు ఉరుకుడే.

నేను ఉద్యోగంల చేరిన ఏడాదే అట్ల ఒకసారి మోగింది. బాయిలర్ల ట్యూబు పగిలి ఒక మనిషి పోయిండు. అతని భార్య గేటు కాడ పొద్దుగూకే దాక నిలబడ్డది. ఆమెకు ఎవరూ ఏమీ చెప్పలేదు. సెక్యూరిటీ గుమాస్తా ఆమె కోసం నాకు ఎన్నిసార్లు ఫోన్ చేసిండో. బాయిలర్ హౌస్‌కు ఒక్కటే లైను, ఆ లైను మీద సార్లు హైదరాబాద్ సార్లతోని మాట్లాడుతున్నరు. నేను కొత్త, సార్ల మాట నడుమ దూరే ధైర్యం లేకపాయె. అందరికంటే ఆఖరున ఆమెకే తెలిసింది.

తర్వాత ఆమెకు క్యాంటీన్ల పని ఇచ్చిండ్రు. అందరం క్యాంటీన్ అక్క అనేది. క్యాంటీన్ వెనక తలుపు, మా ఎక్స్‌ఛేంజి తలుపు ఎదురెదురే. నాకు రోజూ గాజు గ్లాసుల చాయ్ తెచ్చి, నేను తాగేదాక గడప అవతలే నిలబడేది. కొడుకు పెద్దోడై, ఇంక ఎక్కడా ఖాళీల్లేక తండ్రి పనిచేసిన బాయిలర్ హౌస్‌లనే చేరిండు. వాడు చేరిన రోజు ఆమె చాయ్ తెచ్చి నా బోర్డు దిక్కు చూసుకుంట అడిగింది.

"చెల్లె, గీ బుడ్డీలల్ల బాయిలర్‌ది ఏది?"

చూపించిన.

"మళ్ళెప్పుడన్న మోగితే నా కొడుకు ఉన్నడో లేడో నాకు ముందుగాల చెప్పాలె. సార్లకు తర్వాత చెప్పుకో. చెప్తవా?"

చెప్తనన్న. ఇన్నేళ్ళ ఉద్యోగంల నేను ఒక మనిషికి ఇచ్చిన మాట అదొక్కటే, మిగిలినయన్నీ "ట్రై చేస్తున్న సార్" లే.

ఇగ ప్రపంచ శాంతికి వస్త.

ఎనభైల మొదట్లో అమెరికా, రష్యా ఒకరి మీదొకరు రాకెట్లు గురిపెట్టుకొని కూసున్నరు. పేపర్ నిండ అదే. మా కాలనీల నల్లా రోజు విడిచి రోజు వచ్చేది గానీ శాంతి కమిటీలు మాత్రం రెండు ఉండె. మొదలు ఒకటే. ఎవరి బాంబు మంచిదన్న కాడ చీలింది.

ఒక కమిటీకి బాయిలర్ ఫోర్‌మన్ సెక్రెటరీ. తిరుమలాయపాలెం దిక్కు మనిషి, గొంతు పెద్దది. రష్యా బాంబు శాంతి కోసమే చేసిండ్రని, అది అసలు బాంబే కాదన్నట్టు చెప్పేటోడు. రెండో కమిటీకి స్టోర్స్ అకౌంటెంట్. వాళ్ళ పెద్దలు కోస్తా నుంచి వచ్చి అశ్వారావుపేట దగ్గర భూములు కొన్నరు. ఈయన మాట మెత్తగ ఉంటది గానీ ఆగదు. అమెరికా, రష్యా ఇద్దరూ రౌడీలేననీ, చైనాది మాత్రం బీదవాడి బాంబనీ ఈయన సిద్ధాంతం. కాలనీల ఎవరూ ఆ కమిటీల అసలు పేర్లు పలికేటోళ్ళు కాదు. రష్యా కమిటీ, చైనా కమిటీ, అంతే.

అసలు విషయం చెప్పలేదు. వీళ్ళిద్దరూ తోడల్లుళ్ళు. సత్తుపల్లి పక్క ఒకటే ఇంట్ల ఇద్దరు అక్కచెల్లెళ్ళను చేసుకున్నరు. క్వార్టర్లు పక్కపక్కనే, నడుమ పిట్టగోడ. ఆడోళ్ళిద్దరూ ఆ గోడ మీది నుంచి కూర గిన్నెలు మార్చుకునేటోళ్ళు. మొగోళ్ళిద్దరికీ ఏడాది నుంచి మాటల్లేవు. కానీ ఫ్యాక్టరీ నడవాలంటే బాయిలర్ స్టోర్స్‌తోని మాట్లాడాలె గదా. ఆ మాట్లాడుడు నా నెత్తిన పడ్డది.

"చెల్లెమ్మా, గ్యాస్కెట్లు ఎప్పుడిస్తరో స్టోర్స్‌ను అడుగు" అంటడు ఫోర్‌మన్.

"కలుపుత, మీరే అడగండన్నా."

"నేనా? ఆయనతోనా? నువ్వే అడుగు."

అకౌంటెంట్‌కు కలిపితే, "అమ్మాయ్, ముందు ఇండెంట్ కాగితం పంపమను. అలాగే నిన్న క్లబ్బులో ఆయన చైనా గురించి అన్నదానికి ఆదివారం సమాధానం చెప్తానని కూడా చెప్పు" అంటడు. నేను ఇండెంట్ సంగతి చెప్పి చైనా సంగతి మింగేసేదాన్ని. వాషింగ్టన్‌కూ మాస్కోకూ నడుమ గొడవ ముదరకుండ ప్రత్యేకంగ ఒక లైను వేసుకున్నరని అప్పుడే పేపర్ల చదివిన. వాళ్ళకు ఏం ఖర్చయిందో తెల్వదు. మా ఫ్యాక్టరీకి నా జీతంతోని అయిపోయింది.

ఆ జూలైల మేనేజర్‌కు పైనుంచి శాంతి మీద ఏదన్న చెయ్యమని మాట వచ్చినట్టుంది. రెండు కమిటీలను కలిపి క్లబ్బుల చర్చ పెట్టించిండు. అగ్రరాజ్యాలు, అణ్వాయుధాలు, మన కర్తవ్యం అని బ్యానర్. మిరపకాయ బజ్జీలు ఉన్నయని తెలిసి జనం బాగనే వచ్చిండ్రు. క్లబ్బుల వీపు ఎత్తుగ ఉండే కుర్చీ ఒక్కటే ఉండె. అధ్యక్షుడు దాంట్ల కూసోవాలె. ఎవరు అధ్యక్షుడన్నది తేలకపాయె గనుక ఆ కుర్చీ స్టేజి నడుమ ఖాళీగ పెట్టి, అటొకరు ఇటొకరు ఇనుప కుర్చీలల్ల కూసున్నరు.

చర్చ బాగనే నడిచింది. అడవి అవతల గూడెం నుంచి బొగ్గు మోసే పనికొచ్చే ఒకతను లేచి, "ఆ బాంబు మన మీద గూడ ఏస్తరా?" అని అడిగిండు. ఇద్దరు సెక్రెటరీలూ అన్ని నెలల్ల మొదటిసారి ఒక్క మాట మీదికి వచ్చిండ్రు. తప్పకుండ వేస్తరన్నరు. మన పొగగొట్టం పైనుంచి స్పష్టంగ కనబడతదని ఫోర్‌మన్ అన్నడు. పారిశ్రామికంగా మన స్థానం తక్కువేమీ కాదండీ, మొదటి వరసలోనే ఉంటామని అకౌంటెంట్ అన్నడు. జనానికి కొంచెం గర్వంగనే అనిపించింది. వెనక నుంచి ఒకాయన, "గంత పెద్ద ఫ్యాక్టరీ అయితే మా క్వార్టర్లకు తలుపులు ఎందుకు మారుస్తలేరు సార్?" అని అడిగేసరికి మేనేజర్ బజ్జీలు పంచమన్నడు.

అప్పుడు ఫోర్‌మన్ సైరన్ సంగతి ఎత్తిండు. ఆగస్టు ఆరున, హిరోషిమా మీద బాంబు పడ్డ ఎనిమిదింబావుకు మన సైరన్ మోగాలె, ఫ్యాక్టరీ, కాలనీ మొత్తం ఎక్కడోళ్ళక్కడ నిలబడి రెండు నిమిషాలు మౌనం పాటించాలె అని. చప్పట్లు కొట్టిండ్రు. అకౌంటెంట్‌కు కడుపుల మండింది, ఆ ఆలోచన తనకు రానందుకు. లేచి, ఎనిమిదింబావు జపాన్ టైమనీ, మనకు అది తెల్లారుజామున పావుతక్కువ ఐదనీ, చరిత్రను వక్రీకరించడం తగదనీ అన్నడు. పావుతక్కువ ఐదుకు ఆ చైనోడు లేస్తడేమో, మా కాలనీవోళ్ళు లేవరని ఫోర్‌మన్ జనం దిక్కు తిరిగి అన్నడు. అట్ల ఎంతసేపు నడిచిందో.

వాళ్ళు ఊపిరి తీసుకున్న సందుల క్యాంటీన్ అక్క లేచింది. చేతిల బజ్జీల పళ్ళెం ఇంకా ఉంది.

"అయ్యా, ఆ సైరన్ వద్దు. మీకు దండం పెడత. గంట కొట్టుండ్రి, డప్పు కొట్టుండ్రి. సైరన్ మోగితే మా పానం మా కాడ ఉండదు."

ఫోర్‌మన్ చెడ్డోడు కాదు. ఆమె మొగడు అతని షిఫ్టుల మనిషే. మెత్తగనే చెప్పిండు. "అక్కా, ఇది ప్రపంచం కోసం. ముందే మైకుల చెప్పిస్తం గదా, భయమెందుకు?"

"అవునమ్మా, ముందస్తు ప్రకటన ఉంటుంది" అన్నడు అకౌంటెంట్.

"మరి ఆ జపానోళ్ళకు ముందే చెప్పిండ్రా?" అనడిగింది అక్క.

ఇద్దరూ నోట్ చేసుకున్నరు. మంచి పాయింటన్నరు. సైరన్ తీర్మానం మాత్రం పాసైంది, ఎనిమిదింబావుకే. అకౌంటెంట్ వాకౌట్ చేసిండు. స్టేజి కాడ విడిచిన చెప్పుల కోసం మళ్ళ లోపలికి వచ్చిండు, తర్వాత మళ్ళ వాకౌట్ చేసిండు.

ఇగ ఇక్కడ మా మేనేజర్ గురించి చెప్పాలె. ఎవరినీ నొప్పించడు, అదే ఆయన రోగం. ఫోర్‌మన్ పోయి సైరన్‌కు పర్మిషన్ అడిగితే ఇచ్చిండు, సెక్యూరిటీకి ఆర్డర్ కూడా పంపిండు. మర్నాడు అకౌంటెంట్ పోయి ఆపించమని అడిగితే ఆపిస్తనన్నడు. ఆ ముక్క సెక్యూరిటీకి చెప్పుడు మర్చిపోయి హైదరాబాద్‌కు లీవు మీద పోయిండు.

ఆగస్టు అయిదున కాలనీల రెండు రిక్షాలు తిరిగినయ్, రెండు మైకులతోని. ఒకటి, రేపు ఎనిమిదింబావుకు శాంతి సైరన్ మోగుతది, ఎవరూ భయపడొద్దని. ఇంకొకటి, సైరన్‌కు అనుమతి రద్దయింది, తప్పుడు ప్రచారం నమ్మొద్దని. రెండో రిక్షా మైకు మంచిది, కిరాయి ఎక్కువ ఇచ్చిండ్రు. జనం దాన్నే నమ్మిండ్రు.

ఆరో తారీఖు పొద్దున అక్క చాయ్ తెచ్చి, "చెల్లె, ఉన్నట్టా లేనట్టా?" అనడిగింది. నేను ఫోర్‌మన్‌కు ఫోన్ చేసిన, ఉందన్నడు. అకౌంటెంట్‌కు చేసిన, లేదన్నడు. మేనేజర్ ఆఫీసుకు చేస్తే పీఏ, విషయం పరిశీలనల ఉందన్నడు. అదే మాట అక్కకు చెప్పిన. ఆమె నా మొహం చూసి, ఖాళీ గ్లాసు తీసుకొని, అన్నం వార్చాలని పోయింది. కొడుకు ఆ రోజు పొద్దటి షిఫ్టే.

ఎనిమిదింబావుకు సైరన్ మోగింది.

మొదలుకాంగనే స్టోర్స్ బల్బు వెలిగింది. "అమ్మాయ్, బాయిలర్ ఇవ్వు. ఆయన్ని ఇవ్వు. నేనే మాట్లాడతాను" అన్నడు అకౌంటెంట్. మీరు నమ్మరు, నాకు సంతోషం అయింది. ఏడాది తర్వాత తోడల్లుళ్ళిద్దరూ నోరు విప్పి మాట్లాడుకుంటున్నరు, ఏదైతేనేం శాంతి కలిగిందనుకున్న. కలిపిన. అంతలనే బోర్డు మీద బల్బులన్నీ ఒక్కసారి వెలిగినయ్. దవాఖాన, బడి, గేటు, వర్క్‌షాపు, అన్నీ. ఏ తీగ గుచ్చినా ఒకటే ప్రశ్న, ఏమైంది, ఎవరికైంది.

కిటికీల నుంచి గేటు కనబడతది. ఆడోళ్ళు ఉరికొస్తున్నరు. చెప్పుల్లేవు, చేతులకు పిండి, ఒకామె సంకల పిల్లకు సగమే గౌను తొడిగి ఉంది. గూడెం వాళ్ళు రోడ్డు దాటి వస్తున్నరు. గేటు కాడ రష్యా కమిటీ మనిషి ఒకడు మైకు పట్టుకొని, "దయచేసి ఎక్కడి వారక్కడ నిలబడి మౌనం పాటించండి, మౌనం పాటించండి" అని అరుస్తున్నడు. ఆ ఏడుపుల వాని మాట ఎవరికి వినబడతది.

ఎదురు తలుపు నుంచి అక్క వచ్చింది. ఎప్పుడూ గడప అవతలే నిలబడే మనిషి లోపలికొచ్చి నా కుర్చీ పట్టుకున్నది.

"బాయిలర్" అన్నది. అంతే.

బాయిలర్ లైను ఖాళీ లేదు. చెవి పెట్టిన.

"రద్దయిన సైరన్‌ని ఎలా మోగిస్తారండీ?"

"మోగింది గదా, ఇన్నవా లేదా? చెవులు గూడ చైనా నుంచి తెచ్చుకున్నవా?"

నేను నడుమల దూరిన. "అన్నా, లైను వదలండి. అర్జెంటు."

"ఒక్క నిమిషం చెల్లెమ్మా, ప్రపంచ సమస్య మాట్లాడుతున్నం" అన్నడు ఫోర్‌మన్. "ఆగమ్మాయ్, దీన్ని తేల్చాల్సిందే" అన్నడు అకౌంటెంట్. ఇద్దరూ మళ్ళ ఒక్క మాట మీదికి వచ్చిండ్రు.

అక్క నా భుజం పట్టుకొని ఉన్నది. నాకు ఆ పాత దినం యాదికొచ్చింది, ఆ గేటు, ఆ నిలబడ్డ మనిషి. సచ్చినయ్ పో మీ సిద్ధాంతాలు అని రెండు తీగలూ పట్టి గుంజిపారేసిన. మళ్ళ బాయిలర్‌కు గుచ్చి రింగిచ్చిన. ఎత్తలేదు. తర్వాత తెలిసింది, తోడల్లుడే కోపంతోని లైను కోసిండనుకొని ఫోర్‌మన్ పంతానికి పోయి, ఆ ఫోన్ ఎవరూ ఎత్తొద్దని చెప్పిండంట. నేను రింగిస్తనే ఉన్న. అక్క ఆ బల్బు దిక్కే చూస్తున్నది. ఎవరన్న ఎత్తితే చాలు, ఆ దేవుడైనా దయ్యమైనా సరే అనుకున్న.

ఎవరో ఎత్తిండ్రు. "బాయిలర్."

కొడుకు గొంతే. ఫోర్‌మన్ వద్దన్నా ఎత్తిండు. నేను నా హెడ్‌ఫోన్ తీసి అక్క నెత్తికి పెట్టిన. అటు నుంచి హలో, హలో, ఎవరూ అని నాకూ వినబడుతున్నది.

"తిన్నవా?" అనడిగింది అక్క.

ఏమన్నడో మరి. సరే అని హెడ్‌ఫోన్ నాకిచ్చి, అక్కడే నేల మీద కూలబడ్డది. అప్పుడు చూసిన ఆమె కాళ్ళు. సైరన్ వినంగనే చేతిల ఉన్న అన్నం గుండిగ వదిలేసిందంట, కాగే గంజి అంత కాళ్ళ మీద పడ్డది. మోకాళ్ళ కింది నుంచి చర్మం ఊడొచ్చింది. ఆ కాళ్ళతోనే నా కాడికి ఉరికొచ్చింది, నొప్పి అప్పటిదాక తెలిసినట్టు లేదు. నేను ఏడ్చుకుంటనే దవాఖానకు ఫోన్ చేసిన.

ఆ ఏడాది ప్రపంచ శాంతి కోసం మా ఫ్యాక్టరీల గాయపడ్డది ఆమె ఒక్కతే.

మర్నాడు దవాఖానకు ఫోర్‌మన్ అరడజను బత్తాయిలతోని వచ్చిండు. అకౌంటెంట్ డజనుతోని వచ్చిండు. ఒక కమిటీ, అనుమతి లేని సైరన్‌ను ఖండిస్తూ తీర్మానం చేసింది. ఇంకొకటి, తప్పుడు ప్రచారాన్ని ఖండిస్తూ చేసింది. రష్యా కమిటీ రిపోర్టుల, శాంతి పిలుపు అందుకొని ప్రజలు కనీవినీ ఎరుగని రీతిల గేటు కాడికి తరలివచ్చిండ్రని రాసుకున్నరు. అబద్ధమైతే కాదు. నాకు మాత్రం సంభాషణ నడుమ లైను తెంచినందుకు మెమో వచ్చింది. ఫిర్యాదు మీద తోడల్లుళ్ళిద్దరి సంతకాలూ పక్కపక్కనే ఉన్నయ్. ఏడాదిల వాళ్ళు కలిసి చేసిన పని అదే.

అక్క మళ్ళ నడిచేసరికి చలికాలం వచ్చింది. నడుమ ఆ అక్కచెల్లెళ్ళిద్దరూ వంతులేసుకొని అన్నం తెచ్చి పెట్టిండ్రు, కట్లు మార్చిండ్రు. ఇంట్ల వాళ్ళ మొగోళ్ళతోని ఏమన్నరో నాకు తెల్వదు, ఆ లైను నా బోర్డుల లేకుండె. మరుసటి ఏడాది ఆగస్టుల రెండు కమిటీలూ కలిసి ఒకటే మీటింగు పెట్టినయ్. సైరన్ లేదు, రిక్షాలు లేవు. ఆ వీపు ఎత్తు కుర్చీల ఎవరు కూసోవాలన్న కాడ మళ్ళ గొడవొస్తదని, అక్కను అధ్యక్షురాలిని చేసిండ్రు.

అక్క ఆ కుర్చీల ఓరకు కూసున్నది, వీపు ఆనించలేదు. చీర కుచ్చిళ్ళ కింద పాదాల మీది మచ్చలు కనబడుతుండె. ఫోర్‌మన్ మాట్లాడిండు, అకౌంటెంట్ మాట్లాడిండు, ఇద్దరూ ఆమె త్యాగం అన్నరు. చివరికి అధ్యక్షోపన్యాసం అని మైకు ఆమె ముందు పెట్టిండ్రు. ఆమె మైకును కొంచెం అవతలికి జరిపింది.

"నాకు మాట్లాడరాదు" అన్నది. "పెద్దోళ్ళకు చెప్పగలిగితే ఒక్కటి చెప్పుండ్రి. బాంబులేసుకుంటరో, తిట్టుకుంటరో వాళ్ళిష్టం. లైను మాత్రం ఖాళీగ పెట్టమనుండ్రి. ఎవరో ఒక తల్లి కొడుకుకు ఫోన్ చేసుకోవాల్సి ఉంటది."

ఫోర్‌మన్ తల దించుకున్నడు, అకౌంటెంట్ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంట కూసున్నడు. ఎవరూ చెప్పకుండనే ఆ రోజు మౌనం రెండు నిమిషాల కంటే ఎక్కువే అయింది. తర్వాత అక్క లేచి, చాయ్ చల్లారిపోతుందని లోపలికి పోయింది.